హాజరు పట్టీలో ఆయన పేరు

గణపవరం దాటి కొల్లేటి వైపు వెళ్లే దారిలో మా అత్తవారి ఊరు. అక్కడి హయ్యర్ ఎలిమెంటరీ స్కూల్లో లెక్కల మేష్టరు నిలిచేవాడు కాదు. ట్రైనింగయినవాళ్లు రావడం, వానాకాలం బురదా చలిజ్వరమూ చూడడం, మూటాముల్లే సర్దుకోవడం. చివరికి, ట్రైనింగు లేకపోయినా లెక్కలు వచ్చినవాళ్లెవరినైనా ఏడాది పర్మిషన్ మీద వేసుకోవచ్చని పైవాళ్లు ఒప్పుకున్నారు. గుడ్డి కన్నా మెల్ల మేలన్నమాట. ఆ మెల్లని నేనే.

ఏలూరులో మా నాన్న నన్ను స్కూలు ఫైనలు దాకా చదివించాడు. ఆడపిల్లకి లెక్కలెందుకని చుట్టాలు నవ్వితే, తన కొట్లో కూర్చోబెడతానని వాళ్ల నోరు మూయించాడు. అవి ముప్పయిల నాటి రోజులు. ధాన్యం ధర పడిపోయి తాడేపల్లిగూడెంలో మావారి కొట్టు మూతపడింది. ఆ వెనకే ఆయనకి క్షయ పట్టుకుంది. ఆయన్ని తీసుకుని అత్తగారి దగ్గరికి చేరాను. మందుకీ పాలకీ నా జీతమే ఆధారం. పర్మిషన్ ఇంకో ఏడాదికి పొడిగిస్తారా లేదా అన్నది మాకు చావుబతుకుల మాట. పొడిగించాల్సింది డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు, అదీ నా క్లాసు చూశాక.

పాఠానికి నేను భయపడలేదు. నా భయమల్లా హాజరుకి. క్లాసులో ఒక పిల్లాడిది మావారి పేరే. భర్త పేరు పలికితే ఆయనకి ఆయుష్షు తగ్గుతుందని మాకు ఉగ్గుపాలతో నేర్పిన మాట. లెక్కలు చెప్పేదానికి కూడా ఈ నమ్మకమేనా అని మీరు నవ్వుతారు. మనిషి దగ్గుతూ పడుకున్న ఇంట్లోంచి వచ్చి ఆ పేరు పలికి చూడండి, అప్పుడు నవ్వుదురుగాని. వాడు గుండుగొలను నుంచి వచ్చి మేనమామ ఇంట్లో చదువుకుంటున్నాడు. అంచేత "గుండుగొలను అబ్బాయ్" అని పిలిచేదాన్ని. వాడు హాయిగా "ప్రజెంటండీ" అనేవాడు. ఊళ్లో ఎవరికీ అభ్యంతరం లేదు.

ఇన్‌స్పెక్టరుగారు మెత్తని మనిషి, కేకలు వేసే రకం కాదు. అలాంటివాళ్లతోనే కష్టం. క్లాసు చూడ్డానికి వచ్చిన రోజున వెనక బెంచీలో కూర్చుని హాజరు వింటున్నవారు, నేను "గుండుగొలను అబ్బాయ్" అనేసరికి లేచి వచ్చి రిజిస్టరులోకి తొంగి చూశారు.

"ఈ పేరు పిలవలేదేమండీ?"

హెడ్మాస్టరుగారు గొంతు తగ్గించి, "అది వారి ఇంటాయన పేరండీ," అన్నారు.

"కావచ్చండి. కానీ పేరు పిలవకుండా హాజరు వెయ్యడానికి వీల్లేదు కదండీ. ట్రైనింగులో మొదట నేర్పేదే ఇది. పిలవలేనంటే అదే రాసుకుంటాను. మీ ఇష్టమండి."

కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ అని అడగాలనిపించింది. ఆ పిల్లాడు తనే లేచి నిలబడి, "నేను వచ్చేశాను కదండీ, పిలవక్కర్లేదండీ," అన్నాడు. ఆయన వాణ్ణి కూర్చోమన్నారు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పిలిస్తే మావారి ఆయుష్షు, పిలవకపోతే మావారి మందు. పెళ్లినాడు గడప దగ్గర పేర్లు చెప్పమంటే గొణిగింది తప్ప ఆ పేరు నా నోటివెంట ఎన్నడూ రాలేదు. పిలిచాను. గారూ లేదు, అండీ లేదు, వట్టి పేరు. వాడు తల వంచుకుని, ఎప్పుడూ లేనంత మెల్లగా "ప్రజెంటండీ" అన్నాడు.

ఆ తర్వాత గొట్టాలతో తొట్టి నింపే లెక్క చెప్పాను. ఎలా చెప్పానో నాకు తెలియదు. బాగా చెప్పానని హెడ్మాస్టరుగారు అన్నారు. పర్మిషన్ పొడిగించారు.

మాట నాకంటే ముందే ఇంటికి చేరింది. అత్తగారు గుమ్మంలోనే నిలబడి ఉంది.

"నలుగురిలో మొగుణ్ణి పేరెట్టి పిలిచావంట. కడుపు చల్లబడిందా తల్లీ?"

గుమ్మం పక్క బిందెలో నీళ్లు ముంచుకుని కాళ్లు కడుక్కున్నాను.

"ఊరుకోవే అమ్మా," అన్నారాయన లోపల్నించి. "నాకు మందు దాని జీతంతో వస్తోంది." నవ్వబోతే దగ్గొచ్చింది.

సాయంత్రం జావ తాగిస్తుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"గుండుగొలను కుర్రాడిదేనే అదృష్టం. ఏదీ, నాకూ ఓసారి వినిపించు. ఆనాడు గడప దగ్గర నువ్వు గొణిగింది నాకు వినపడనే లేదు."

"చాల్లెండి, మీకంతా వేళాకోళమే," అన్నాను.

వేళాకోళం కాదని ఆయన కళ్లు చూస్తే తెలుస్తూనే ఉంది. నోరు తెరిచాను కూడా. స్కూల్లో అందరి ముందూ వచ్చిన పేరు, ఇద్దరమే ఉన్న గదిలో రాలేదు. భయం వేసింది.

"ఒళ్లు కుదుటపడనివ్వండి, అప్పుడు పిలుస్తాను."

"సరే," అన్నారు.

నాట్లు పడే రోజుల్లో ఆయన పోయారు. నా నోరే పొట్టన పెట్టుకుందని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పింది. కడుపుకోత పడ్డ తల్లి ఎవర్నో ఒకర్ని అనాలి కదా అని ఇప్పుడు అనుకుంటాను గాని, అప్పుడు ఆవిడంటే నాకు ఒళ్లు మండిపోయేది.

తర్వాత రాజమండ్రి వెళ్లి ట్రైనింగయ్యాను. రిటైరయ్యేదాకా ఏలూరులో లెక్కలు చెప్పాను. ఆ పేరు మా వైపు చాలామంది పెట్టుకుంటారు, క్లాసుకి ఒకడైనా ఉండేవాడు. ఏ రోజూ దాటవెయ్యలేదు. వెనక బెంచీ దాకా వినపడేలా పిలిచేదాన్ని. ఎవడో ఒకడు "ప్రజెంటండీ" అనేవాడు. వాణ్ణి ఓసారి తలెత్తి చూసి, తర్వాతి పేరు పిలిచేదాన్ని.