మిరపకాయల కింది నంబరు

అడవిలోంచి మనిషి వచ్చిన రోజునే సోమమ్మ ఇంటి రేకుల మీద మిరపకాయలు పోస్తుందని ఊళ్లో చెప్పుకున్నారు. రేకుల మీద సున్నంతో వేసిన నంబరు కనపడకపోతే, పైన తిరిగే డ్రోనుకు ఆ ఇల్లు ఎవరిదో తెలియదట. బోరింగు దగ్గర పుట్టిన ఆ మాట రెండు రోజుల్లో పోలీసు క్యాంపు గేటు దాటింది.

మరైగూడ అవతలి ఆ ఊరికి, కొండను తవ్వే లారీల కోసం రోడ్డు వచ్చింది. రోడ్డు వెంట క్యాంపు వచ్చింది. ఆ తర్వాత ఇళ్ల నంబర్లు గోడల మీద నుంచి కప్పుల మీదికి ఎక్కాయి. సోమమ్మకు మొగుడు లేడు, పిల్లలు లేరు. ఏటా భద్రాచలం వైపు మిరపతోటలకు పోయి, కూలి కింద కాయలే మూట కట్టుకొని తెచ్చుకునేది. అవి ఎండితేనే ఆమెకు ఏడాది గడుస్తుంది.

"ఏందే సోమమ్మా, ఇంటికి ఎర్ర చీర కట్టినవ్? మళ్ల పెండ్లి చేస్తున్నవా దానికి?" అని పక్కింటి సమ్మక్క ఎగతాళి చేసింది. సోమమ్మ నవ్వి ఊరుకుంది. ఆ నవ్వును కూడా ఎవరో క్యాంపుకు చేరవేశారు.

మర్నాడు పొద్దున్నే కబురొచ్చింది.

క్యాంపు గదిలో బల్ల మీద తెర ఉంది. అందులో ఊరంతా పైనుంచి కనిపిస్తోంది. అన్ని కప్పుల మీదా తెల్లటి అంకెలు, ఒక్కదాని మీద ఎర్రటి మచ్చ. పక్కనే ఆమె స్నానానికి కట్టుకున్న తడిక, దాని లోపల బొక్కెన, రాయి మీద ఆరేసిన రవిక. సోమమ్మ కొంగు నిండుగా కప్పుకుంది.

హిందీ మాటలను తెలుగు చేసేందుకు పిలిపించిన మేస్త్రీ రామనర్సయ్య గొంతు తగ్గించాడు. "ఎవలొచ్చిండ్రో చెప్పు చెల్లె. చెప్తే ఇడిసిపెడ్తరట. లేకుంటే పేరు రాసుకుంటరట."

పేరు రాస్తే వారం వారం వచ్చి వేలిముద్ర వేయాలి. మిరపతోటలకు పోనివ్వరు.

"ఎవలూ రాలే అన్నా. కాయలు ఎండబోసిన, గంతే."

బల్ల వెనక కూర్చున్న క్యాంపు సాహెబు హిందీలో మళ్లీ ఏదో అడిగాడు.

"అందరూ వాకిట్ల పోసుకుంటరు గదా, నువ్వొక్కదానివే మీదెందుకు పోసినవంటుండు."

సోమమ్మ నోరు తెరిచింది. ఉన్నది చెబితే క్యాంపునే తప్పుపట్టినట్టవుతుంది. రామనర్సయ్యకూ ఆ సంగతి తెలుసు, అతను నేల చూపులు చూశాడు.

"బుద్ధిలేక పోసిన," అంది.

పేరు రాసుకున్నారు.

సోమమ్మ వాకిలి నాలుగు మంచాలు పట్టేంత ఉండేది. పోయిన వానాకాలం క్యాంపు వాళ్లు దాని నడుమ సిమెంటు దిమ్మె కట్టి, కెమెరా స్తంభం పాతి, చుట్టూ గుమ్మం దాకా ముళ్లతీగ బిగించారు.