తమ్ముడు జారి పడలేదు

ఏళ్ల తరబడి గుండెల మీద మోసిన మాట మొన్న నలుగురి ముందు చెప్పేశాను. చెప్పగలనని నేనే అనుకోలేదు. నీకు మాత్రం మొదటి నుంచీ చెప్తాను, విను. నా తమ్ముడు ట్రాక్టర్ ట్రాలీ మీద నుంచి జారి పడలేదు. నేనే కొట్టాను.

ఆ రోజు పత్తికొండ మార్కెట్లో మా టమోటాను అడిగినవాడు లేడు. నా మాట విని పంట పెట్టినందుకే ఈ గతి పట్టిందని తమ్ముడు అందరిలో అరిచాడు. తల దించుకున్నాను. తిరుగుదారిలో, ఎవరూ లేని చోట ట్రాక్టర్ ఆపి ట్రాలీలోని టమోటా పారబోస్తుంటే, మళ్లీ అదే మాట. ఖాళీ ప్లాస్టిక్ బాక్సు ఎత్తి వాడి ముఖాన కొట్టాను. ట్రాలీ మీద నుంచి వెల్లకిలా పడ్డాడు. లేవలేదు.

బాటిల్ నీళ్లతో ముఖం మీది రక్తం తుడిచి, కర్నూలు ఆస్పత్రికి తీసుకుపోయి, జారి వెల్లకిలా పడ్డాడని చెప్పాను. తుడిచింది ప్రేమతోనా, గుర్తు పోగొట్టడానికా? ఇప్పటికీ నాకు తెలియదు.

అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ అడిగింది.

"ముక్కులోంచి రక్తం ఎందుకొస్తాంది? మొగానికి దెబ్బ తగిలిందా?"

"లేదు మేడం. ఎండకు వానికి ఎప్పుడూ కారతాది."

"సరిగ్గా చెప్పప్పా. కడుపు ఉబ్బింది, ముక్కులోంచి గొట్టమేసి ఖాళీ చేయాల. మొగం ఎముకలు విరిగింటే ఆ గొట్టం పైకెక్కి మెదడులోకి పోతాది."

అప్పుడైనా చెప్పానా? లేదు. వెల్లకిలా పడినవాడి ముఖానికి దెబ్బ ఎట్లా తగిలిందని అడుగుతారు, అడిగితే నా చెయ్యి బయటపడుతుంది, పోలీసులొస్తారు, అమ్మకు తెలుస్తుంది అని లెక్కలు వేసుకుంటూ, తోడబుట్టినవాడి ప్రాణాన్ని పక్కన పెట్టి, నేలను చూస్తూ నిలబడ్డాను. ఆమె నన్ను నమ్మింది. గొట్టం కొన ముక్కును తాకింది.

"వద్దు మేడం! మొగానికి తగిలింది. బోర్లా పడినాడు!"

బోర్లా అన్నది మళ్లీ అబద్ధమే. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. నన్ను తిట్టింది. గొట్టం నోట్లోంచి వేసింది. తరువాత తీసిన స్కాన్‌లో కళ్ల మధ్య ఎముక పగిలి కనిపించింది. ఆ గొట్టం ఇంకో రెండు అంగుళాలు లోపలికి పోయి ఉంటే?

తమ్ముడు బతికాడు. ఆ రోజు జరిగింది ఏదీ వాడికి గుర్తులేదు. అందుకే ఎవరు కలిసినా, "మా అన్న నోరు తెరిచినందుకే నేను ఈడ ఉండా" అని చెప్పుకుంటాడు. పొగిడినప్పుడల్లా నేను నవ్వాను. కొట్టడం కన్నా, దాచడం కన్నా, ఆ నవ్వే పెద్ద తప్పేమో.

మొన్న వాడి కొత్తింటి గృహప్రవేశం. భోజనాల దగ్గర నా మెడలో దండ వేసి మళ్లీ మొదలుపెట్టాడు. నేను దండ తీసేశాను.

"నువ్వు పడలేదు రా. బాక్సుతో మొగాన కొట్టింది నేనే. డాక్టరుకు అబద్ధం చెప్పింది కూడా నేనే."

వాడు కళ్ల మధ్య ఎముకను తడిమి చూసుకున్నాడు. లోపలికి పోయాడు. నన్ను ఎవరూ తినమనలేదు. ఇంతవరకూ ఫోన్ రాలేదు. రాకపోవచ్చు. క్షమించమని నేను అడగలేదు, అడగను కూడా.

అయినా ఆ ఎండలో, బరువు దిగినవాడిలా ఇంటికి నడిచి వస్తుంటే గొంతు చించుకుని కేక పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. కంది చేలో పని చేస్తున్నవాళ్లు తలెత్తి చూశారు. నేను చెయ్యి ఊపాను.