నాగన్న ఆర్పని కర్పూరం

ఈ పొద్దున పుస్తకాల అలమర దులుపుతుంటే ఒక పాత నవల అట్ట మీద మామిడి సొన మరక కనిపించింది. నల్లగా, బొటనవేలంత... తడిగుడ్డతో రుద్దినా పోలేదు.

మేం పదో తరగతిలోకి వచ్చిన ఏడు... ఏప్రిల్. నూజివీడులో ఒంటిపూట బడులు. కాన్వెంట్‌లో ఇంగ్లీషు చెప్పే సిస్టర్ గారు ఆ నవల రోజూ కొంచెం చదివించేవారు. అమెరికాలో ఒక చిన్న ఊరు. చెయ్యని నేరం ఒక నల్లజాతి మనిషి మీద పడుతుంది. ఊరంతా ఒకవైపు... ఒక్క తెల్ల లాయరు ఆయనవైపు. ఆ లాయరు కూతురు, చిన్నపిల్ల, అంతా చూస్తూ ఉంటుంది.

నా పక్కన దేవి కూర్చునేది. సిస్టర్లు ఫీజు లేకుండా చేర్చుకున్న పిల్ల. వాళ్ళ నాన్న నాగన్న, ఆగిరిపల్లి దగ్గర మా నాన్న గుత్తకి పట్టిన మామిడి తోటకి కాపలా. కాయ కోత కూడా ఆయనదే. చిక్కం పట్టుకుంటే ఒక్క కాయ నేల రాలేది కాదు.

ఆ వారం తోటలో బోరు మోటారు రాగి వైరు పోయింది. తోట రైతు నాగన్న మీద పెట్టాడు. కాపలా మనిషికి తెలియకుండా ఎలా పోతుంది అన్నాడు.

కానీ ఆ రాత్రి నాగన్న తోటలో లేడు. మా నాన్నతో కాయల లారీలో మార్కెట్‌కి వెళ్ళాడు. ఈ సంగతి వాళ్ళిద్దరికీ తెలుసు, మా ఇంట్లో తెలుసు.

ఇంటర్వెల్‌లో దేవి నా చెయ్యి పట్టుకుంది. "మీ నాన్నగారు ఒక్క మాట చెబితే చాలే. లేకపోతే మమ్మల్ని తోటలోంచి పంపేస్తారంట."

"చెబుతారే. మా నాన్న అలాంటి వాళ్ళు కాదు."

"అయితే నువ్వు ఈ పుస్తకంలో పిల్లవి" అని నవ్వింది. ఆ వారమంతటికీ అప్పుడే నవ్వింది...

ఇంట్లో నాన్నని అడిగాను. "చూద్దాంలే అమ్మా" అన్నారు. అమ్మ వంటింట్లోంచే అంది, "వచ్చే ఏడు కూడా ఆ తోట మనకే కావాలండీ..." నాన్న కొట్టు తాళాలు తీసుకుని బయల్దేరారు.

ఆదివారం నాన్న తోటకి వెళ్తుంటే నేనూ స్కూటర్ ఎక్కాను, నవల ఒళ్ళో పెట్టుకుని. తోట ఉన్న ఊళ్ళో ఆంజనేయస్వామి గుడి దగ్గర ఆపారు. పెద్దమనుషులు అక్కడే కూర్చున్నారు. ఆ ఊళ్ళో దొంగతనం మాట వస్తే ఒకటే పద్ధతి. స్వామి ముందు వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, తియ్యలేదని ప్రమాణం చెయ్యాలి. ఆర్పితే నిర్దోషి. ఆర్పకపోతే దొంగ.

"ఆర్పుతావా నాగన్నా?" అడిగాడు రైతు.

"ఆర్పుతానండీ. ఇప్పుడే ఆర్పుతానండీ." నాగన్న తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. ముందుకొచ్చి మెట్ల దగ్గర ఆగిపోయాడు.

నాగన్న లాంటి దళితపేట వాళ్ళు ఎప్పుడూ ఆ మెట్ల కింద నుంచే దణ్ణం పెట్టుకునేవాళ్ళు.

ఎవరో అన్నారు, "లోపలికెలా వస్తాడు?"

"అక్కణ్ణించే ఊదుతాడేమోరా!"

అందరూ నవ్వారు. నాగన్న కూడా నవ్వబోయాడు... రాలేదు.

"పళ్ళెం బయటికి తెప్పించండయ్యా, ఇక్కడే ఆర్పుతాను" అన్నాడు. స్వామి ముందు కాకపోతే అది ప్రమాణమే కాదన్నారు. చివరికి ఒక పెద్దాయన, "పోనీ, వీడి తరఫున ఎవరన్నా లోపలికెళ్ళి ఆర్పండి" అన్నాడు.

నాగన్న మా నాన్న వైపు చూశాడు. "షావుకారు గారూ..." అంతే అన్నాడు. వాళ్ళమ్మ పక్కన నిలబడి దేవి నన్నే చూస్తోంది.

"నాన్నా..." అన్నాను.

నాన్న నా తల మీద చెయ్యి వేశారు. "ఎండగా ఉందమ్మా, పద" అని స్కూటర్ స్టార్ట్ చేశారు.

లోపల కర్పూరం దానంతటదే ఆరిపోయి ఉంటుంది.

సోమవారం దేవి స్కూలుకొచ్చింది. అదే ఆఖరు. ఆ రోజు మేం చదివింది కోర్టు తీర్పు. నిర్దోషి అని తెలిసీ శిక్ష వేస్తారు. క్లాసంతా ఏడ్చింది. సిస్టర్ గారు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. దేవి ఒక్కతే ఏడవలేదు.

వెనక బెంచీ పిల్ల అడిగింది, "నీకు జాలి వెయ్యట్లేదా ఏంటే?"

"ఆయన్ని లోపలికి రానిచ్చారు కదే" అంది దేవి. "కూర్చోబెట్టి మాట్లాడనిచ్చారు..."

ఎవరికీ అర్థం కాలేదు. నేను పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నాను.

ఆ వారంలోనే వాళ్ళు సామాను ఆటోలో వేసుకుని చాట్రాయి వెళ్ళిపోయారు. బంధువులున్నారట. పరీక్షలో ఆ నవల మీద ప్రశ్న వచ్చింది... న్యాయం గురించి రాయమని. నాకు మంచి మార్కులే వచ్చాయి.

ఇప్పుడు తోటల్లో సీసీ కెమెరాలున్నాయి. ఎవరినీ కర్పూరం ఆర్పమనరు. ఆ గుడి మెట్లకి టైల్స్ వేశారు. పేట వాళ్ళు ఇప్పుడు లోపలికి వెళ్తున్నారో లేదో నాకు తెలియదు.

బళ్ళో చదివిన కథ మీ ఇంటి గడప దాకా వచ్చిన రోజు మీకూ ఉందా? ఉంటే కింద రాయండి... చదువుతాను.

ఆ వైరు దొంగలు ఆ ఏడే వానాకాలంలో ఇంకో తోటలో పట్టుబడ్డారు. ఆ కబురు మా కొట్టు దాకా వచ్చింది. చాట్రాయి వెళ్ళి నాగన్నకి ఎవరూ చెప్పలేదు.