ముందు ఈల, తర్వాత చప్పుడు

మాది ఎర్రగుంట్ల దగ్గర పల్లె. నిరుడు మా ఆయన పనిచేసే రాళ్ల క్వారీలో బండలు పగలగొట్టే మందు తూటా పేలి, ఆయన కళ్లముందే తోటి మనిషి పోయాడు. అప్పటినుంచి చిన్న చప్పుడైనా ఈయన మంచం కిందికి దూరేవాడు. కడపలో మనసుకు వైద్యం చేసే మేడమ్ దగ్గరికి తీసుకుపోయాను.

ఆమె పద్ధతి ప్రకారం రోజుకింత పెంచుతూ ఫోన్‌లో తూటా చప్పుడు వినిపించేది. ఒకరోజు కొంచెం పెంచగానే ఆయన వణుకుతూ బల్ల కిందికి దూరాడు. 

"చాలమ్మా నీ వైద్యం! మనిషిని సంపుతాండావు!" అని అరిచాను.

ఆమె వచ్చి బల్ల పక్కనే నేలమీద కూర్చుంది.

"అన్నా, తూటా పేల్చే ముందు ఏం చేస్తారు?"

"ఈల కొడతాం మేడమ్. ఆ పొద్దు కొట్టకముందే పేలిపాయ."

"అయితే ఈల మీరే కొట్టండి. మీరు కొట్టేదాకా నేను పేల్చను."

 ఎంతోసేపటికి ఆయన వేళ్లు నోట్లో పెట్టి ఈల కొట్టాడు. చప్పుడు వచ్చింది. అదిరిపడ్డాడు గానీ చెవులు మూసుకోలేదు.

"ఇంగోసారి పెట్టండి," అన్నాడు.

"నయమైపోయినట్టేనా?" అన్నాను ఏడుస్తూ.

"ఒక్కసారికే నమ్మకూడదక్కా. రేపు కూడా చేసి చూద్దాం," అంది.

తనకు తోచిన ఉపాయానికి తానే పరీక్ష పెట్టి చూసుకునే మనిషి ఆమె. మా ఆయన బాగుపడతాడన్న ధైర్యం నాకు ఆ మాటతోనే వచ్చింది.