చైనా గడిలో మా ఇల్లు

మా మేనేజరుకు పట్టికలంటే పిచ్చి. లోకంలో ఏ గొడవైనా రెండు గడుల్లో ఇమడాలంటాడు. జన్యు పరీక్షలు చేసే ఒక విదేశీ కంపెనీ సిబ్బందికి పాఠాలు రాసిపెట్టడం మాదాపూర్‌లో మా ఆఫీసు పని. ఆ నెల నాకు పడ్డ పాఠం ఇది: మనిషి జన్యువుల్ని పరీక్షించడం, మార్చడం అనే విషయంలో తప్పొప్పుల్ని చైనా వాళ్లు ఎలా చూస్తారు, పాశ్చాత్యులు ఎలా చూస్తారు?

బుద్ధిమంతురాలిలా నిలువుగీత గీసి రాశాను. ఎడమ గడిలో పాశ్చాత్యులు: శరీరం ఎవరిదో నిర్ణయం వాళ్లదే, ఫలితం ముందు వాళ్లకే చెప్పాలి, పిండం జన్యువుల్ని మార్చడమంటే దేవుడి పనిలో వేలు పెట్టడమని భయపడేవాళ్లు చాలామంది. కుడి గడిలో చైనా: శరీరం తల్లిదండ్రులిచ్చింది, నిర్ణయం ఇంటిల్లిపాదిది, చేదు మాట ముందు ఇంటివాళ్ల చెవిన వేస్తారు, పదిమందికి మేలంటే కొత్త పద్ధతికి అంతగా జంకరు. "సూపర్, చాలా నీట్‌గా ఉంది" అన్నాడు మేనేజరు. నాకూ అలాగే అనిపించింది.

ఆ వారమే అమ్మ పరీక్ష ఫలితం వచ్చింది. అంతకుముందు ఏడాది అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. జన్యువులు కూడా చూద్దామన్నారు డాక్టరు గారు. ఆస్పత్రిలో ఇంటిల్లిపాదినీ కలిపి ఒకే నంబరు మీద నమోదు చేశారు. ఏ కౌంటర్లో ఫోన్ నంబరు అడిగినా మా ఇంట్లో అందరం చెల్లి నంబరే చెబుతాం, ఓటీపీలు చూసే ఓపిక దానికే ఉంది. కాగితం మాత్రం నేనే వెళ్లి తెచ్చాను. లోపం ఉంది, కూతుళ్లకు వచ్చే అవకాశం సగానికి సగం, ఇద్దరూ చూపించుకోండి అన్నారు. నేను మర్నాడే రక్తం ఇచ్చాను. నాకు లేదని తేలింది.

మిగిలింది చెల్లి. దానికి ప్రధానం అయిపోయింది, చర్చిలో పెళ్లికి రెండు నెలలుంది.

"పెండ్లయ్యేదాక దానికి చెప్పకు" అంది అమ్మ.

"అట్లెట్లమ్మా? అది దాని ఒళ్లు."

"ఏడికెళ్లొచ్చింది ఆ ఒళ్లు? నా కడుపులకెళ్లి కాదా? అవతలోళ్లకు తెలిస్తే సంబంధం నిలుస్తదా? ఇగ నీ ఆఫీసు ముచ్చట బంద్ చెయ్."

అమ్మ ముప్పై ఏళ్లు సర్కారు దవాఖానలో నర్సుగా చేసింది. చిన్నప్పుడు బడి అయ్యాక అక్కడి బెంచీ మీద కూర్చుని చూసేదాన్ని. చెడ్డ కబురైతే వార్డు గుమ్మంలో నిలబడి, "పేషెంట్ తరఫు వాళ్లెవరు? జర బయటికి రండి" అనేది. వాళ్లు బయటికొచ్చేవాళ్లు. మంచం మీది మనిషి గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయేది. అది దయ అనుకునేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే ఒళ్లు మండుతుంది.

కానీ మండి ఏం చేశాను? మూడు వారాలు నోరు మూసుకున్నాను. పొద్దున్నే బోరబండ స్టేషన్‌లో రైలెక్కి, ఒక్క స్టాపు తర్వాత దిగి, ఆఫీసులో కూర్చుని 'తెలుసుకునే హక్కు' అని పాఠం రాయడం, సాయంత్రం ఇంటికొచ్చి చెల్లితో చీర రంగుల గురించి మాట్లాడటం. నా మీద నాకే అసహ్యం వేసేది.

పాఠాన్ని సరిచూడటానికి వీడియో కాల్ పెట్టారు. అవతలి కంపెనీలోని చైనా ఆవిడ నా పట్టిక చూసి ఊరుకోలేదు. రోగికి చెప్పాలనే మా చట్టమూ అంటుంది, మా అమ్మమ్మ దగ్గర జబ్బు దాచింది మా మేనమామలు, వాళ్లతో పోట్లాడింది నేను, నన్ను ఏ గడిలో పెడతారు అని అడిగింది. ఆ తర్వాత అదే కాల్‌లో ఉన్న ఇంగ్లండ్ ఆయన గొంతు సవరించుకున్నాడు. వాళ్ల నాన్న తన జన్యు లోపం తన సొంత విషయమని ఎవరికీ చెప్పలేదట. పిల్లలకు ఆయన పోయాకే తెలిసిందట. మా నాన్న ఏ నియమమూ తప్పలేదు అన్నాడాయన, నవ్వకుండా.

"గ్రేట్ పాయింట్స్" అన్నాడు మేనేజరు. "టేబుల్ అట్లనే ఉంచుదాం."

"మీ దేశానికి గడి లేదేం?" అని చైనా ఆవిడ నన్నే అడిగింది. నా మైకు ఆపేసి ఉంది. ఆపేసే ఉంచాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది నా బతుకు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి చెల్లి నేల మీద శుభలేఖలు పరుచుకుని పేర్లు రాస్తోంది. అమ్మ ప్రార్థన కూటానికి వెళ్లింది. చెప్పులు కూడా విప్పకుండా, "నీకో సంగతి చెప్పాలె" అన్నాను.

"అమ్మ రిపోర్టు ముచ్చటనా?" అంది తల ఎత్తకుండా. "నా ఫోన్‌కే వచ్చింది గద. నువ్వు కాగితం తెచ్చే ముందురోజే చదివిన."

"మరి అడగలేదేందే?"

"అమ్మ పరేషాన్ అయితదని. నువ్వైతే చెప్తవనుకున్న. దినాం ఎదురుచూసిన." ఇంకో శుభలేఖ తీసుకుంది. "నీ రిపోర్టు గూడ నా ఫోన్‌కే వచ్చిందక్కా. నీకు లేదని చూసి మస్తు ఖుషీ అయిన."

అది ఎత్తిపొడుపు కాదు, నిజంగానే సంతోషించింది. అందుకే నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మా నేనూ చెల్లి దగ్గర దాచాం, చెల్లి మా ఇద్దరి దగ్గరా దాచింది. కానీ మర్నాడే రక్తం ఇచ్చుకున్నది నేనొక్కదాన్నే.

ఆ సోమవారం చెల్లి రక్తం ఇచ్చింది. పెళ్లాడబోయే అతనికి తనే ఫోన్ చేసి చెప్పింది, అమ్మ రెండు రోజులు మాతో మాట్లాడలేదు. ఫలితం వచ్చిన రోజు ఇద్దరం ఆస్పత్రి బెంచీ మీద కూర్చున్నాం. నర్సు తలుపు తెరిచి, "పేషెంట్ తరఫు వాళ్లెవరండీ?" అంది. నేను చటుక్కున లేచి నిలబడ్డాను.

"కూసో అక్కా" అంది చెల్లి. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

అక్కడ ఏం చెప్పారో ఇప్పుడు నాకు తెలుసు, తనే చెప్పింది. ఇక్కడ మాత్రం రాయను. అది తనది.