బీరకాయ కూరలో రొయ్యపొట్టు

డెబ్బై ఏడులో ఉప్పెన వచ్చి వెళ్ళిన రెండు వారాలకు మా ఆయన దివిసీమ నుంచి ఇంటికొచ్చారు. కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరు ఆయన. పడిపోయిన స్తంభాలు నిలబెట్టడానికి విజయవాడ నుంచి వెళ్ళిన మొదటి జట్టులో ఉన్నారు. అప్పటికి మాకు పెళ్ళై రెండేళ్ళు. పటమటలో ఒక పెంకుటింట్లో సగం వాటా అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం.

ఆ రోజు నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజికి సెలవు పెట్టి కొర్రమీను పులుసు వండాను. మా పుట్టిల్లు కంకిపాడు పక్కన. కాలవ చేపని మా అమ్మ ఎలా వండేదో అచ్చం అలాగే వండటం నాకొచ్చు. పెళ్ళైన కొత్తలో ఆ పులుసు కోసం ఆయన మధ్యాహ్నం పని మధ్యలో సైకిలు తొక్కుకుంటూ ఇంటికొచ్చేవారు. ఆ రోజు ప్రార్థన చేసుకుని కంచం ముందు కూర్చున్నారు. నేను గరిటెతో పులుసు తీస్తుంటే కంచానికి చెయ్యి అడ్డం పెట్టారు.

"వద్దు. ఇక మీదట నాకు చేపలొద్దు. మాంసం కూడా వండకు."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. మజ్జిగుంటే పొయ్యి."

నేను ఇంకేమీ అడగలేదు. అక్కడ ఏం జరిగిందో పేపర్లో చదివాను. లైను దొరక్క ఏడ్చేవాళ్ళ గొంతులు ఎక్స్ఛేంజిలో ఆ రెండు వారాలూ విన్నాను. అడిగితే ఆయన్ని బాధపెట్టినట్టవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆయన నోటి నుంచి వినాలంటే నాకు భయం.

మర్నాటి నుంచి అసలు ఇబ్బంది మొదలైంది. నా డ్యూటీ ఆరింటికి అయ్యేది. సిటీ బస్సు పట్టుకుని ఇల్లు చేరేసరికి ఏడు. అంతకుముందు పొద్దున్నే ఉప్పూ కారం పట్టించి పెట్టిన చేప ముక్కల్ని సాయంత్రం పెనం మీద వేస్తే అరగంటలో భోజనం తయారు. కూరగాయలతో వంట నాకు చేతకాదని అప్పుడు తెలిసింది. కందిపప్పు ఎంతకీ ఉడికేది కాదు. కిరసనాయిలు స్టవ్వు మంట పెంచితే అడుగంటేది. ఆయన ఏదీ వంక పెట్టకుండా నాలుగు ముద్దలు తిని లేచేవారు. రోజురోజుకీ చొక్కా వదులవుతోంది.

పక్క వాటాలో బ్యాంకు ఉద్యోగి కుటుంబం ఉండేది. ఆ ఉద్యోగి భార్య మాకంటే పదేళ్ళు పెద్ద. మేమిద్దరం అక్కయ్యగారూ అని పిలిచేవాళ్ళం. వాళ్ళింట్లో గుడ్డు కూడా ముట్టరు. ఒక సాయంత్రం ఆవిడ పప్పుచారు గిన్నె తెచ్చి గుమ్మంలో నాకిచ్చింది. "అలిసిపోయి వచ్చావు, ఈ పూటకి ఇది కానివ్వు అమ్మాయీ" అంది. ఆయన దాంతో రెండు సార్లు అన్నం కలుపుకున్నారు. గిన్నె వంక చూసి "ఇంకొంచెం ఉందా?" అన్నారు. దివిసీమ నుంచి వచ్చాక అలా అడగటం అదే మొదలు. ఉన్నదంతా ఆయన కంచంలో వంచేసి నేను మజ్జిగన్నం తిన్నాను.

అప్పటి నుంచి రెండు రోజులకొకసారి ఏదో ఒక గిన్నె వచ్చేది. మెంతికూర పప్పు, కొత్తిమీర కారం పెట్టిన వంకాయ, మజ్జిగపులుసు. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు కదా. కానీ నేను వండినది వాళ్ళు తినరు. అందుకని ప్రతిసారీ గిన్నె తోమి పంచదార పోసి ఇచ్చేదాన్ని. ఆవిడ వంట మా ఇంట్లోకి వస్తుంది, నా వంట ఆవిడ గుమ్మం దాటదు. పంచదార పోస్తున్న ప్రతిసారీ నాకు గుండెల్లో మండేది.

జనవరిలో ఒక సాయంత్రం నేను బస్సు దిగి వచ్చేసరికి ఆయన మా అరుగు మీద, ఆవిడ వాళ్ళ అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆయన తల వంచుకుని మాట్లాడుతున్నారు. ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. నన్ను చూసి ఆయన ఆగిపోయారు. ఆవిడ లేచి లోపలికెళ్ళింది.

"ఏంటండీ మాట్లాడుకుంటున్నారు?"

"ఏం లేదు."

నాతో రోజుకి పది మాటలు లేవు. ఆవిడతో మాత్రం అరుగు మీద కూర్చుని చెప్పుకోవటానికి ఏదో ఉంది. ఆవిడ మీద నాకు వేరే అనుమానమేమీ లేదు. అలాంటిదేదైనా ఉంటే పోట్లాడటానికి ఒక మాటైనా దొరికేది. మర్నాడు ఆవిడ ఇచ్చిన పప్పుచారుని దొడ్లో తూములో పారబోసి, పులిసిపోయిందని ఆయనతో చెప్పాను.

అదీ చాల్లేదు నాకు. మా అమ్మ పంపిన రొయ్యపొట్టు డబ్బా అటక మీద ఉంది. ఎండబెట్టిన సన్న రొయ్యలు, వేయించి నలిపితే పొడైపోతాయి. ఆ శనివారం బీరకాయ కూరలో రెండు చెంచాల పొడి కలిపాను. రుచి చూస్తే ఆయనకి నా వంట గుర్తొస్తుందని, ఆ గిన్నెల మోజు పోతుందని నా లెక్క.

రెండో ముద్దకే ఆయన ఆగారు. లేచి దొడ్లోకి వెళ్ళి కక్కేశారు. నేను చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళాను. కుళాయి దగ్గర చప్టా మీద కూలబడి నా వైపు చూశారు.

"ఏం కలిపావు?"

"రొయ్యపొట్టు. కొంచెమే."

తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. ఆ మనిషి అలా కూలబడి ఉంటే కూడా నా నోట్లోంచి వచ్చిన మాట వేరే.

"ఆ రోజు అరుగు మీద ఆవిడకి ఏం చెప్పారు?"

"వాళ్ళ పిన్నిగారి ఊళ్ళో పనిచేశాం మేము. పిన్నిగారి సంగతి ఏమైనా తెలిసిందా తమ్ముడూ అని అడిగింది. చెప్పాను. అక్కడ ఇంకా ఏం చూశావని అడిగింది. అదీ చెప్పాను." అరచేత్తో మూతి తుడుచుకున్నారు. "నువ్వు అడగలేదు."

"ఇప్పుడు అడుగుతున్నాను."

అప్పుడు చెప్పారు. స్తంభం పాతాలంటే ముందు అక్కడున్న శవాల్ని పక్కకి జరపాల్సి వచ్చేదట. గొడ్లూ మనుషులూ కలిసిపోయి ఉండేవాళ్ళట. "చేలో నీళ్ళు ఇంకా తగ్గలేదు. ఆ నీళ్ళలో చేపలు మాత్రం బతికే ఉన్నాయి. మనుషుల చుట్టూ తిరుగుతున్నాయి" అన్నారు. నేను ఆయన పక్కన తడి చప్టా మీదే కూర్చుండిపోయాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక అక్కయ్యగారి గుమ్మంలో నిలబడి చారు పారబోసిన సంగతి చెప్పాను. రొయ్యపొట్టు సంగతీ చెప్పాను.

"చారుదేముందిలే. తమ్ముడికి అది పెట్టటం మాత్రం తప్పు" అంది. తర్వాత చీర చెంగు బిగించి, "పద, మీ స్టవ్వు మీదే చేద్దాం" అంది.

మా వంటింట్లోకి ఆవిడ రావటం అదే మొదటిసారి. పెసరపప్పు పొద్దున వెళ్ళేముందు నీళ్ళలో వేసి వెళ్తే సాయంత్రం పావుగంటలో ఉడుకుతుందని చూపించింది. బీరకాయకి నీళ్ళు పొయ్యక్కర్లేదు, మూత పెడితే దాని నీళ్ళతోనే మగ్గుతుంది. చెక్కు పారెయ్యకుండా వేయించి పచ్చిమిరపకాయలతో నూరితే పచ్చడి. పులిసిన మజ్జిగ ఉంటే సొరకాయ ముక్కలు ఉడికించి మజ్జిగపులుసు. ఏడింటికి స్టవ్వు వెలిగిస్తే ఏడున్నరకి కంచాలు పెట్టొచ్చు. చివర్లో నేను పెట్టిన చారుని గరిటెతో అరచేతిలో వేసుకుని రుచి చూసి, "ఉప్పు తక్కువ" అంది. ఆవిడ దాన్ని నోట్లో వేసుకుందని నాకు తట్టటానికి కొంచెం సేపు పట్టింది.

ఆవిడ అంత మంచిగా ఉన్నా నా కుళ్ళు పోలేదు. ఆయన మొదట చెప్పుకున్నది ఆవిడతో. అది ఇక మారదు. ఆ ఈస్టరుకి కంకిపాడు వెళ్తే మా అమ్మ కోడి కూర వండింది. నేనూ వద్దన్నాను.

"అల్లుడు మానేశాడంటే సరే, నీకేమొచ్చిందే?" అంది అమ్మ.

"నాకూ తినాలని లేదమ్మా" అన్నాను. అబద్ధం. ఆ మసాలా వాసనకి నోరూరుతోంది. తిండి దగ్గర ఆయనా ఆవిడా ఒక వైపు, నేనొక్కదాన్నీ ఒక వైపు ఉండటం భరించలేక మానేశాను. మా సంఘంలో వాళ్ళు భర్త మీద ప్రేమ అనుకున్నారు. నేను అవుననలేదు, కాదననూ లేదు.

మరుసటి ఏడు బ్యాంకాయనకి వేరే ఊరు బదిలీ అయింది. సామాను లారీకెక్కించటానికి మా ఆయన ఆఫీసు మానేసి మరీ సాయం చేశారు. ఆవిడ నా చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేనూ ఏడ్చాను, కానీ లారీ మలుపు తిరిగాక ఒళ్ళు తేలికైనట్టనిపించింది.

ఆ సాయంత్రం మజ్జిగపులుసు చేశాను. ఆయన కలుపుకుని తిని, "అచ్చం అక్కయ్యగారు చేసినట్టే ఉంది" అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు, నాకు తెలుసు. అయినా రెండు రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు.