నెత్తిన కాదు, భుజాల్లో

నెలరోజులు మంచాన ఉన్న గిద్దలూరు అన్న, మా పెద్దమ్మ కొడుకు, కన్నుమూశాడని గత నెలలో ఫోను వచ్చింది. వదినను ఎలా పలకరించాలా అనుకునేలోపే, మార్కాపురం సంగీత పాఠశాల పియానో బాగుచేయడానికి ఇక నన్నే పిలుస్తారన్న ఆలోచన వచ్చింది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

ఇద్దరం మొదట పలకల ఫ్యాక్టరీలో అంచులు నున్నగా రుద్దేవాళ్లం. తర్వాత హార్మోనియం మరమ్మతులు, ఆపైన పియానోలు. ఎవరూ నేర్పలేదు. ఆయన చెవి మాత్రం నాకు రాలేదు.

పియానో మీట నొక్కితే లోపల ఫెల్టు, అంటే మందపాటి ఉన్ని, చుట్టిన చిన్న సుత్తి తీగను కొడుతుంది. పిల్లలు పొద్దస్తమానం సాధన చేసే పియానోలో ఆ ఫెల్టు గట్టిపడి, పాట రేకు మీద కొట్టినట్టు మోగుతుంది. గరుకు కాగితంతో దాని మీద పడిన తీగల గాట్లు రుద్ది, సూదులతో పొడిచి మెత్తబరచాలి.

ఒకసారి అన్నకు జ్వరమొస్తే నేను వెళ్లాను. తొందరపడి సుత్తి కొసలోనే సూదులు దించాను. ఆ స్వరం దుప్పటి కప్పుకున్నట్టు మూగబోయింది. మర్నాడు ఆయన్ను పిలవక తప్పలేదు.

"ఏంది తమ్ముడూ, దీనికి సూదిమందు వేసినావా? నెత్తిన కాదురా, భుజాల్లో, ఈ పక్కల పొడవాల. నెత్తి గట్టిగా ఉంటేనే మాట తెలుస్తాది."

"ఎప్పుడన్నా చెప్పినావా?"

"ఎప్పుడన్నా అడిగినావా?"

టీచరమ్మ వచ్చి ఏమైందంటే, "నేనే తప్పు చెప్పినానమ్మా, వాడు అట్లనే చేసినాడు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. తప్పు తన నెత్తిన వేసుకున్నా, మళ్లీ ఏడాది ఆమె పిలిచింది ఆయన్నే.

మూడు పొడుపులు పొడిచి ఆగేవాడు. మీట నొక్కి, కళ్లు మూసుకుని వినేవాడు. మళ్లీ మూడు. "ఎక్కువ మెత్తబడిందంటే ఇప్పట్లో గట్టిపడదురా, ఆగి విను" అనేవాడు. పని అయ్యాక, వాయించడం రాకపోయినా, ఒక్క వేలితో కీర్తన మొదటి వరుస పలికించేవాడు. అది విన్నప్పుడల్లా కుళ్లుకునేవాణ్ణి.

అంత్యక్రియలయ్యాక వదిన ఆయన సూదులు బిగించుకునే చెక్క పిడి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"'వాడు అడగడు గానీ వాడికి కావాల, ఇయ్యి' అన్నాడు మీ అన్న."

ఈ వారం దాంతోనే మార్కాపురం పియానో చేశాను. భుజాల్లోనే, మూడేసి. టీచరమ్మ వాయించి కళ్లు తుడుచుకుంది.

"అచ్చం మీ అన్న చేసినట్టే ఉందయ్యా."

ఆ గదిలో నా పని నాదేనని ఒక్క మాట వినాలని ఇన్నేళ్లూ ఎదురుచూశాను. తలూపి వచ్చేశాను.

పిడి మీద ఆయన బొటనవేలు ఆని ఆని పడిన గుంట ఉంది. నా వేలు లావు, అందులో కుదరదు. గరుకు కాగితంతో రెండు నిమిషాలు రుద్దితే నా వేలికి సరిపోతుంది, ఆయన గుంట పోతుంది. కాగితమూ పిడీ బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి.